తలుపు దగ్గరి మూడో పలక

నీలం మేడమ్ గది తలుపు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గాలికి కొట్టుకోలేదు. దాన్ని ఆపి ఉంచేది చెక్కముక్కా కాదు, ఇటుకా కాదు. ఒక పోత ఇనుప పలక. కింద దళసరి గుడ్డ, పైన తుప్పు పట్టకుండా సన్నటి నూనె పొర. కొత్తగా వచ్చినవాళ్ళకి అది తలుపుకి అడ్డం పెట్టిన ఇనుపముక్కలాగే కనిపిస్తుంది. కాలికి తగిలించుకున్నవాళ్ళు నాలుగు తిట్లు తిట్టుకుని పోతారు. వంగి చూసేవాళ్ళు తక్కువ.

ఇది ఆమె ఉద్యోగంలో ఆఖరి వారం. బల్ల సొరుగులు ఖాళీ అయ్యాయి. గోడకి ఉన్న గేర్ల బొమ్మ దిగింది. మెకానికల్ విభాగంలో అధ్యాపకురాలిగా ఇంతకాలం కూర్చున్న కుర్చీ మిగిలింది, ఆ పలక మిగిలింది.

ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. కుడి బొటనవేలి గోటి అంచున ఎప్పుడూ ఒక నీలపు గీత ఉంటుంది కాబట్టి పిల్లలు అలా పిలిచారు. సబ్బుతో పోదు, ఇసుకతో పోదు. వర్క్‌షాప్‌లో పలకల మీద పూసే నీలిరంగు అది. ఒకసారి గోట్లోకి దిగిందంటే మనిషితోపాటు ఇంటికొచ్చి అన్నం తింటుంది.

ఆమెకి పని నేర్పిన మొదటి గురువు నాన్నే. ఆయన నీళ్ళ పంపుల మెకానిక్. ఇంటి ముందుగదే షెడ్డు. ఇంట్లోకి వెళ్ళాలంటే విప్పిన మోటార్లు దాటుకుని వెళ్ళాలి. "ఆకురాయి పట్టినవాడి మొహం చూడకు, మోచెయ్యి చూడు. మొహం అబద్ధం చెబుతుంది" అనేవాడు. ఆ మోచెయ్యి కుదురుకున్నాకే ఆమె ఇంజినీరింగ్ చదివింది, పై చదువూ చదివింది, విశ్వవిద్యాలయంలో ఒప్పందం మీద పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. ఏడాదికోసారి కాగితం మార్చేవాళ్ళు.

"అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి. నీ ఉద్యోగమూ అంతేనే అమ్మాయ్" అని నాన్న ఎత్తిపొడిచేవాడు.

"అద్దె ఇల్లయినా వాన పడితే తడవం కదా నాన్నా!"

"తడవం. కానీ ఎప్పుడు పొమ్మంటారోనని సామాను సగం మూటల్లోనే ఉంటుంది."

అది నిజమే. అయినా ఆమెకి ఆ రోజులు ఇష్టం. వర్క్‌షాప్ పొడుగాటి రేకుల షెడ్డు. పొద్దున్నే తలుపు తీస్తే లోపల్నుంచి నూనె, ఇనుపరజను, చల్లారిన కొలిమి కలిసిన వాసన వచ్చేది. ఈమధ్య కట్టిన కొత్త భవనంలో అన్నీ ఉన్నాయిగానీ ఆ వాసన లేదు. ఆ షెడ్డులో చివరి బల్ల మాస్టారిది. ఆయన ఆమెకి రెండో గురువు, అక్కడి అధ్యాపకుల్లో అందరికంటే పాతకాపు. కోపం వస్తే అరవడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఆయన కళ్ళద్దాలు తుడుస్తున్నాడంటే ఎవరో ఏదో పాడుచేశారని షెడ్డంతా గప్‌చిప్.

మాస్టారి బల్ల మీద మూడు పోత ఇనుప పలకలు ఉండేవి. ఆ షెడ్డులో చదునుకి కొలమానం అవే. ఏ ముక్క చదునుగా ఉందో తెలియాలన్నా వాటి మీద పెట్టి చూడాల్సిందే. మరి ఆ పలకలు చదునుగా ఉన్నాయని ఎలా తెలుస్తుంది? వాటిని ఒకదానితో ఒకటి చూసుకోవాలి. ఒకదానికి నీలిరంగు పలచగా పూసి రెండోదాన్ని దానిమీద రుద్దితే, ఎత్తుగా ఉన్నచోటే రంగు అంటుతుంది. అంటినచోట స్క్రేపర్‌తో గీకాలి. మళ్ళీ పూసి మళ్ళీ రుద్దాలి. చివరికి పలకంతా నీలం చుక్కలు సమానంగా పడితే రెండూ ఒకదానికొకటి సరిపోయాయని అర్థం.

కానీ సరిపోవడం వేరు, చదునుగా ఉండటం వేరు. ఒకటి కాస్త ఉబ్బి, రెండోది కాస్త గుంటపడినా గిన్నెలో గిన్నె కూర్చున్నట్టు చక్కగా సరిపోతాయి. అందుకే మూడోది కావాలి. మూడింటినీ మార్చి మార్చి రుద్దితే, ఏ రెండు చూసినా సరిపోతే, అప్పుడే చదును. నీలం మేడమ్ ఈ పాఠాన్ని బోర్డు మీద మూడు పలకలు గీసి ఎన్నో బ్యాచ్‌లకి చెప్పింది.

ఒక గాలి కాలంలో విభాగాధిపతి గది తలుపు రోజంతా దబదబా కొట్టుకోసాగింది. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. పెద్దాయన చిరాకు భరించలేక అటెండరు బరువైన వస్తువు కోసం షెడ్డుకి వచ్చాడు. మాస్టారు మూడో పలక చూపించాడు.

"తీసుకుపో. రెండూ బాగానే కుదిరాయి, దీంతో ఇప్పుడు పనిలేదు. గాలి తగ్గాక తెచ్చిపెట్టు."

గాలి తగ్గింది. పలక తిరిగి రాలేదు. పిల్లల వాడకానికి పలకలు అరిగినప్పుడల్లా, సెలవుల్లో మాస్టారూ ఆమే కూర్చుని ఆ రెండింటినే రుద్దుకుంటూ, గీక్కుంటూ సరిచేసేవాళ్ళు. ఆయన రంగు పూస్తే ఆమె రుద్దేది. ఆయన "కుదిరిందా?" అంటే ఆమె "కుదిరింది మాస్టారూ" అనేది. ఆ షెడ్డులో ఆ పని ఇంకెవరికీ రాదు, అడిగేవాళ్ళూ లేరు. మూడోది తెప్పిద్దామా అని ఆమె ఒకసారి అనబోయింది. పెద్దవాడికి నేను చెప్పేదేంటని ఊరుకుంది.

అటెండరు టీ తెచ్చి నవ్వేవాడు. "మీ ఇద్దరికీ ఎప్పుడూ గొడవే రాదేంటమ్మా? మా ఇంట్లో ఇలా ఉంటే ఎంత బాగుండు!"

ఇంతలో ఎన్నాళ్ళుగానో మూతపడిన శాశ్వత పోస్టు తెరుచుకుంది. ఒక్కటే పోస్టు. అది నిండితే ఒప్పందం ఉద్యోగం రద్దు. అంటే ఆ పోస్టు ఆమెకి రావాలి, లేదా ఆమె షెడ్డు వదిలి వెళ్ళిపోవాలి. మధ్యేమార్గం లేదు.

వ్రాతపరీక్షలు దాటి చివరికి ఇద్దరు మిగిలారు. రెండో మనిషి పెద్ద పరిశోధన చేసి వచ్చినవాడు. ఉక్కపోతలో కూడా కోటు విప్పకపోవడంతో పిల్లలు అతనికి మొదటి గంటలోనే కోటు సార్ అని పేరు పెట్టేశారు.

ఆ విభాగంలో ఎంపికకి ఒక పద్ధతి ఉండేది, పెద్దాయన పెట్టింది. ఆయనకి నోరుగలవాళ్ళంటే అనుమానం. "అధ్యాపకుడు ఏం చెప్పాడో నాకొద్దు. పిల్లల చేతికి ఏం దిగిందో చూస్తాను" అనేవాడు. అభ్యర్థి మొదటి సంవత్సరం పిల్లలకి ఒక పని నేర్పాలి. సాయంత్రం గంట కొట్టేసరికి పిల్లలు చేసిన పని మీదే మార్కులు. చేతిపని పూర్తికాకపోతే మార్కు లేదు.

మొదటి రోజు కోటు సార్ తిరిగే చక్రంలో బరువు సరిచెయ్యడం నేర్పాడు. బాగా నేర్పాడు, అది ఒప్పుకోవాలి. పొద్దున ఎప్పుడూ ఒకేచోట వచ్చి ఆగే చక్రాలు సాయంత్రానికి ఎక్కడ వదిలితే అక్కడే నిలిచాయి.

రెండో రోజు ఆమెది. జానెడు ఇనుపముక్క ముఖాన్ని చదును చెయ్యడం నేర్పింది. ముక్కలు అప్పటికే చాలావరకు నున్నగా చేసి ఉన్నాయి, చివరి చేతిపని పిల్లలది. వెనక కుర్చీల్లో పెద్దాయన, బయటినుంచి వచ్చిన నిపుణురాలు కూర్చున్నారు. మాస్టారికి మార్కులు వేసే అధికారం లేదుగానీ కుర్చీ వేశారు. కిటికీ బయట కోటు సార్ కూడా నిలబడి చూస్తున్నాడు.

పిల్లల్లో ఒక జంట ఉండేది. అతను వెదురుబద్దలా పొడుగు, ఆమె పొట్టి. తరగతికి వాళ్ళు పెన్సిలూ రబ్బరూ. అందరికంటే ముందు వాళ్ళ ముక్కలే అయిపోయాయి.

"చూడండి మేడమ్, నా ముక్కకి చుక్కలు ఎలా పడ్డాయో! తట్టు పోసినట్టు లేదూ?" అన్నాడు పెన్సిలు.

"నీది తట్టు. నాది నక్షత్రాలు" అంది రబ్బరు.

"ఏదీ, నీ నక్షత్రాల మొహం ఇటు పెట్టు. ఎవరిది చదునో తేల్చుకుందాం."

ఆటకే అతను తన ముక్కకి రంగు పూశాడు. ఆమె తన ముక్కని తుడిచి దానిమీద బోర్లించి రుద్దింది. విడదీసి చూసి ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అంచుల్లో నీలం దట్టంగా అంటింది. మధ్యలో ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"నీదే గుంట" అంది రబ్బరు.

"నాదేం కాదు. పలక మీద పెట్టి చూపిస్తా రా."

పలక మీద పెడితే అతనిది సరిపోయింది. ఆమెదీ సరిపోయింది. ఒకదానికొకటి మాత్రం సరిపోలేదు.

ఆ రెండు ముక్కలూ నీలం మేడమ్ చేతికి వచ్చాయి. ఆమె వాటిని వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది. రెండు ముక్కలూ మధ్యలో గుంటే. రెండూ పలకకి కుదిరాయంటే ఆ పలక ఉబ్బి ఉంది. పలక ఉబ్బి ఉందంటే దాని జోడు గుంటపడి ఉంది. సెలవు వెనక సెలవు, తనూ మాస్టారూ ఆ రెండింటినీ ఒకదానికొకటి ఒప్పిస్తూ, రెంటినీ వంచుతూ వచ్చారు. బోర్డు మీద మూడు, బల్ల మీద రెండు.

వెనక కుర్చీల్లోవాళ్ళకి ఏమీ తెలియదు. వాళ్ళకి కనబడేవి చుక్కలు. "ఇంకాస్త గీకండి, కుదురుతాయి" అంటే చాలు, పిల్లలు తమ చేతినే అనుమానించుకుని తలవంచుకుని గీక్కుంటారు. గంట కొడతారు. పెద్దాయన ముక్కలు పలక మీద పెట్టి చూస్తాడు, అన్నీ సరిపోతాయి, పోస్టు ఆమెదవుతుంది. మూటలు విప్పుకోవచ్చు.

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"మీ ముక్కల్లో తప్పు లేదు. పలకలోనే ఉంది" అంది పిల్లలతో.

షెడ్డులో గీకే చప్పుడు ఆగిపోయింది.

"అయితే పొద్దుట్నుంచీ మేం చేసిందంతా?" అంది రబ్బరు.

"తప్పుదానికి సరిగ్గా సరిపోయేలా చేశారు."

"మరి మీరు బోర్డు మీద మూడు పలకలు గీశారుగా మేడమ్. ఇక్కడ రెండే ఉన్నాయేం?"

పొద్దుటే రావలసిన ప్రశ్న. ఆమె తనని తాను అడగవలసిన ప్రశ్న. గుమ్మంలో నిలబడ్డ అటెండరు అందుకున్నాడు.

"మూడోది పెద్దాయన గది తలుపుకి ఉందమ్మా! పట్టుకురమ్మంటారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, షెడ్డంతా నవ్వు. అటెండరు పరుగున వెళ్ళాడు. కాసేపటికి వరండా చివర్నుంచి 'దభేల్' మని చప్పుడు.

"నా తలుపు!" అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి లేచి. బయటినుంచి వచ్చిన నిపుణురాలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు లేచి చొక్కా చేతులు మడిచాడు. "ఆ పలక తలుపుకిచ్చింది నేనే. రా అమ్మాయీ, నేను రంగు పూస్తాను, నువ్వు రుద్దు."

"మాస్టారూ, మీరు పరీక్ష పెట్టేవాళ్ళ వైపు ఉన్నారండీ" అన్నాడు పెద్దాయన.

"తెలుసు. కూర్చోవాల్సింది మాత్రం రాసేవాళ్ళ వైపు."

పిల్లలు చుట్టూ మూగారు. మూడో పలక ఉబ్బినదాని మీద పెడితే మధ్యలో ఒక్కచోట ఆని బొంగరంలా తిరిగింది. గుంటపడినదాని మీద పెడితే అంచుల్లో మాత్రమే ఆనింది. తలుపు దగ్గర ఎవరూ ముట్టుకోక చదును చెడకుండా ఉన్నది అదొక్కటే! దాని మీద పెట్టి చూసుకుంటూ పిల్లలు తమ ముక్కలు మళ్ళీ మొదలుపెట్టారు. ఆ సాయంత్రం గీకినట్టు వాళ్ళు ఇంకెప్పుడూ గీకలేదేమో. అయినా గంట కొట్టేసరికి ఒక్క ముక్క కూడా పూర్తికాలేదు.

పోస్టు కోటు సార్‌కి వెళ్ళింది.

పెద్దాయన ఆమెని గదికి పిలిచాడు. తలుపుకి అప్పుడు పాత ఫైళ్ళ కట్ట అడ్డం పెట్టారు. "పూర్తికాని పనికి మార్కు లేదన్నది నా మాటే. ఇవాళ నీకోసం మారిస్తే రేపు ఇంకెవరికోసమో మార్చాలి" అన్నాడు ఆమె మొహం చూడలేక.

"మార్చకండి సార్" అంది ఆమె. బయటికొచ్చి కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. గోటి దగ్గర నీలం పోలేదు.

ఇంట్లో సంగతి విని అమ్మ, "పోతే పోయింది, ఇకనైనా ఆ గోళ్ళు శుభ్రపడతాయి" అంటూ కంచం పెట్టింది. నాన్న మాత్రం మోటారు మీంచి తల తిప్పలేదు.

"రేపట్నుంచి షెడ్డుకి రా. పంపులు పేరుకుపోయాయి."

"ఉద్యోగం పోయిందంటే ఒక్క మాటైనా ఓదార్చవేం నాన్నా?"

"ఓదార్పుకి మీ అమ్మ ఉంది. నా దగ్గర పంపులే ఉన్నాయి."

ఆ మాటకి ఆమె నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏడాదే తియ్యగా ఉంటుంది. పొద్దున తండ్రీకూతుళ్ళు చెరో మోటారు విప్పుకుని కూర్చునేవాళ్ళు. మధ్యలో ఒకటే స్పానర్ల పెట్టె. ఏ స్పానరు కావాలో నాన్న అడగకుండానే ఆమె అందించేది. అంత పక్కన, అంతసేపు ఆయనతో ఆమె మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు.

ఒకరోజు షెడ్డు ముందు కోటు సార్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో సంచి, సంచిలో బరువు.

"పంపు ఏమైందండీ?" అన్నాడు నాన్న.

"పంపు కాదండీ, గీకే ఇనుపముక్కలు. మేడమ్ దగ్గర పని నేర్చుకుందామని వచ్చాను. ఆ పెన్సిలూ రబ్బరూ నన్ను బతకనివ్వడంలేదు. 'మూడు పలకలు ఎప్పుడు రుద్దుతాం సార్' అని రోజూ అదే గోల. మాస్టారికి నడుము పట్టేసింది, వంగలేకపోతున్నారు. నాకు చక్రం వచ్చుగానీ పలక రాదు."

నాన్న అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నేర్పుతుంది. ముందు ఆ కోటు ఆ మేకుకి తగిలించండి. మా షెడ్డులో కోటు వేసుకునేది మోటారొక్కటే, అదీ రంగు కోటు."

అతను కోటు విప్పాడు. నెలల తరబడి ఆదివారాలు వచ్చాడు. చెయ్యి మొద్దేగానీ సిగ్గుపడే రకం కాదు. బదులుగా అతను ఆమెకి చక్రం తూకం నేర్పాడు. నాన్న బాగుచేసే పంపుల చక్రాలకి అది పనికొచ్చింది. "చదువుకున్నవాడు సుమా!" అని నాన్న ఆ తర్వాత ఎన్నాళ్ళో మెచ్చుకునేవాడు.

మరుసటి ఏడాది మాస్టారు పదవి విరమించాడు. ఆయన పోస్టుకి మళ్ళీ అదే పద్ధతిలో పరీక్ష. నీలం మేడమ్ మళ్ళీ అదే పాఠం తీసుకుంది. వద్దన్నవాళ్ళే ఎక్కువ. ఈసారి, ఇంకా సరిచెయ్యని ఆ వంగిన రెండు పలకల్నీ ఆమె కావాలనే ముందు పెట్టింది. ఒకదానికొకటి ఎంత బాగా కుదిరాయో చూపించి, పిల్లలందరిచేతా "సరిపోయింది" అనిపించి, ఆ తర్వాత మూడోదాన్ని తెప్పించింది. మోసుకొచ్చింది పెన్సిలూ రబ్బరూ. పొద్దుటే తప్పు పట్టుకున్న పిల్లలకి పని సాగింది. గంటకి ముందే ముక్కలు పూర్తయ్యాయి.

నియామకం కాగితం చూసి నాన్న స్పానరు కింద పెట్టాడు. "బాగానే ఉంది. మరి ఈ పంపులు ఎవరు విప్పుతారు?" అన్నాడు. గొంతు మాత్రం ఆ మాట అన్నట్టు లేదు.

ఆనాటినుంచి ఆమె ఒక అలవాటు పెట్టుకుంది. మొదటి సంవత్సరం పిల్లలకి వంగిన పలకలు రెండూ ఇస్తుంది, బోర్డు మీద మూడు గీస్తుంది, ఇక మాట్లాడదు. మూడోది తన గది తలుపు దగ్గరే ఉంటుంది. రెండే ఉన్నాయేమని ఎవరో ఒకరు అడిగేదాకా ఎదురుచూస్తుంది. కొన్ని బ్యాచ్‌లు ఒక్క పూటలో అడిగేవి, కొన్ని నెల దాటించేవి. "నోరు విప్పండర్రా! నేను చెప్పిందానికల్లా తలూపడానికేనా వచ్చింది?" అని లోలోపల తిట్టుకుంటూ కూర్చునేది.

మాస్టారు పోయారు. నాన్న పోయాడు. షెడ్డు పోయి కొత్త భవనం వచ్చింది. పెన్సిలు ఎక్కడో కర్మాగారం చూసుకుంటున్నాడు. రబ్బరు మాత్రం చదువుకుని, తిరిగి తిరిగి, ఇదే విభాగంలో పాఠాలు చెబుతోంది. ఇప్పటికీ ప్రతి సమావేశంలోనూ అడగకూడని ప్రశ్న అడిగేది ఆమే.

ఆఖరి రోజు సాయంత్రం రబ్బరే గదికి వచ్చింది. "మేడమ్, పలక ఇక్కడే ఉంచుతారా?"

"ఈ గది ఇకమీద నీది కదే! నీ తలుపు, నీ ఇష్టం."

"అయితే ఒకసారి షెడ్డుకి... అదే, కొత్త వర్క్‌షాప్‌కి తీసుకెళ్దాం. దీన్ని ఎవరూ సరిచూసినట్టు లేదు. ఇదైనా సరిగ్గా ఉందో లేదో?"

నీలం మేడమ్ నిటారుగా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ మాట తనకి తట్టలేదు. ఆ రెండింటినీ అనుమానించమని ఊరందరికీ నేర్పి, దీన్ని మాత్రం గుడ్డిగా నమ్ముతూ వచ్చింది. రబ్బరు మొహం చూసి పెద్దగా నవ్వేసింది.

"పట్టు. ఆ చివర నువ్వు పట్టు, నీ నడుము గట్టిది."

ఇద్దరూ వంగి పలక ఎత్తారు. వరండాలోకి నాలుగడుగులు వేశారో లేదో వెనకనుంచి గాలి వచ్చింది.

తలుపు 'దభేల్' మంది.

పక్కగదిలోంచి ఇప్పటి విభాగాధిపతి, తల నెరిసిపోయిన కోటు సార్, కంగారుగా బయటికొచ్చాడు. "ఎవరిదది? నా తలుపేనా?"

"కాదులెండి, నాది" అంది నీలం మేడమ్. పలక బరువుకి ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ, "రండి, మీరూ ఒక చెయ్యి వెయ్యండి. ఆ కోటు మేకుకి తగిలించి" అంది.